ఆదూణీ నుంచి వచ్చినోళ్ళం

మొన్న నాయన సంవత్సరీకానికి ఆదోని పోయినప్పుడు, రాగి చెంబు వెతకడానికి అమ్మ అటక మీది ఇనప ట్రంకు దించమనింది. మూత ఎత్తానో లేదో లోపల్నుంచి ఒక వాసన వచ్చింది. తోలు, లక్క, పాత కాగితం మూడూ కలిసిన వాసన. చీరల కింద చెయ్యి పెడితే కుప్పీ తగిలింది. ఒంటె తోలుతో చేసిన చిన్న బుడ్డి అది, మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా ఉంటుంది, పైన బంగారు పూలతీగ. ఒకప్పుడు అందులో అత్తరు పోసుకునేవాళ్ళట. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉండింది. అయినా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోగానే నేను మళ్ళీ రాజస్థాన్ బీకానేరులో ఉన్నాను, ఎనిమిదేళ్ళ పిల్లగా, నోట్లో ఇసుక కరకరమంటూ.

నాయన సెంట్రల్ స్కూల్లో సంస్కృతం టీచరు. ట్రాన్స్‌ఫర్ మీద బీకానేరు వేశారని తెలిసిన రోజు మా జేజి రెండు పూటలు అన్నం తినలేదు. ఆదోని నుంచి బొంబాయి, బొంబాయి నుంచి ఢిల్లీ, ఢిల్లీలో మీటర్‌గేజ్ బండి. చివరి రాత్రి కిటికీలు మూసినా ఇసుక ఎట్లా వచ్చేదో, పొద్దున లేచి చూస్తే దుప్పటి మీద, పెరుగన్నం గిన్నె మూత మీద, తమ్ముడి కనురెప్పల మీద కూడా సన్నటి పొర. అమ్మ కిటికీ లోంచి చూసి చూసి, "ఇంత బయలు నేను యాడా చూడలే" అనింది. ఎర్రటి బయలు, అక్కడక్కడా పొదలు, ఎప్పుడో ఒక ఒంటె. తెల్లారాక ఒక స్టేషన్లో బండి ఆగితే అమ్మకి గబుక్కున ఒక చెట్టు కనిపించింది. "చూడండి, జమ్మి చెట్టు!" అని ఇంచుమించు అరిచింది. అక్కడివాళ్ళు దాన్ని ఖేజ్డీ అంటారు. అదే జమ్మి. ఆ ఎడారిలో మనుషులకీ పశువులకీ ప్రాణాధారం ఆ చెట్టే, దాని కాయలు ఎండబెట్టి సాంగ్రీ కూర వండుతారు. ఆ సంగతులన్నీ తర్వాత తెలిశాయి. ఆ పొద్దున మాత్రం అమ్మకి మన ఊరి మనిషి కనిపించినట్టే అనిపించింది.

మేం అద్దెకున్నది పాత ఊళ్ళో, ఉస్తాల వీధికి దగ్గర్లో. ఉస్తాలంటే రాజుల కాలం నుంచి కోటలో బంగారు చిత్రకళ చేసిన ముస్లిం కుటుంబాలు. మా ఎదురింటి చాచా ఒంటె తోలు మీద పని చేసేవాడు. మెత్తగా నూరిన పెంకుల పొడిలో జిగురు కలిపిన ముద్దతో తోలు మీద పూలూ తీగలూ ఉబ్బెత్తుగా పేర్చి, ఆరాక వాటి మీద బంగారు రేకు అంటించేవాడు. కుంచెలో నాలుగైదు వెంట్రుకలకు మించి ఉండేవి కావేమో. ఆయన పని చేస్తున్నప్పుడు నేనూ తమ్ముడూ ఊపిరి బిగబట్టి కూచునేవాళ్ళం, మా ఊపిరికే రేకు ఎగిరిపోతుందని భయం. ఈ కుప్పీ ఆయన చేసిందే. మేం ఊరు వదిలేటప్పుడు నాయన చేతిలో పెట్టి, డబ్బులు వద్దన్నాడు.

పొద్దున్నే ఒంటెబండి మీద నీళ్ళు వచ్చేవి. ఆ బండికి పాత విమానం టైర్లు వేసేవాళ్ళు, ఇసుకలో కూరుకుపోకుండా. ఒంటె మెడలో గంట చప్పుడు, వెనకే వీధి చివర భుజియా వేగుతున్న వాసన, మోఠ్ పిండిలో మిరియాలు, ఇంగువ. ఎండాకాలం సాయంత్రాల్లో పడమటి ఆకాశం పసుపు, ఆపైన నలుపు తిరిగితే చాలు, "ఆంధీ! ఆంధీ!", ఇసుక తుఫాను అని కేకలు, వీధంతా తలుపులు మూసే చప్పుళ్ళు. పావుగంట తర్వాత తెరిస్తే అమ్మ వేసిన ముగ్గు ఉండేది కాదు.

రాత్రుళ్ళు చౌక్‌లో పాటాల మీద మగవాళ్ళు చేరేవాళ్ళు. పాటా అంటే నలుగురైదుగురు పడుకోగలిగేంత పెద్ద చెక్క బల్ల, ప్రతి చౌక్‌కీ ఒకటో రెండో ఉంటాయి. పెళ్ళి సంబంధాలు, ధరలు, తగువులు, కథలు, అన్నీ అక్కడే. మొదట్లో నాయన మొహమాటపడి దూరంగా నిలబడేవాడు. "మాస్టర్‌జీ, విరాజో సా" అని వాళ్ళే జరిగి చోటిచ్చారు. అంతే, ఆ తర్వాత అర్ధరాత్రి దాకా ఇంటికి వచ్చేవాడు కాదు. వచ్చాక అమ్మకీ మాకూ మళ్ళీ మన మాటల్లో చెప్పేవాడు. బీకానేరుని ఏలిన రాఠోడుల చరిత్ర నాకు తెలిసిందంతా అట్లా సగం నిద్రలో, నాయన గొంతులో విన్నదే.

మొదటి కథ బీకాది. జోధ్‌పూర్ కట్టిన రావ్ జోధా కొలువులో ఆయన కొడుకు బీకా, తమ్ముడు కాంధల్ ఏదో చెవిలో మాట్లాడుకుంటుంటే జోధా నవ్వి, "ఏంటి, కొత్త రాజ్యం గెలిచే ఆలోచనా?" అన్నాడట. ఆ మాటకి కాంధల్‌కి పౌరుషం వచ్చింది. "గెలుస్తాం" అని 1465లో బాబాయి, కొడుకు కొద్దిమందితో ఈ ఎడారికి వచ్చేశారు. అప్పుడు దీన్ని జాంగళదేశం అనేవాళ్ళు. దేశ్‌నోక్‌లో కర్ణీమాత ఆశీర్వాదం తీసుకుని, ఇరవై ఏళ్ళు పైగా తిరిగి, చివరికి 1488లో ఊరికి పునాది వేశాడు. దానికి ఒక దోహా, అంటే రెండు పాదాల పద్యం ఉంది, పాటాల మీద చిన్నపిల్లలకి కూడా వచ్చు:

పనరై సౌ పైంతాళవై, సుద్ బైసాఖ్ సుమేర్
థావర్ బీజ్ థరపియో, బీకై బీకానేర్

సంవత్ 1545, వైశాఖ శుద్ధ విదియ, శనివారం నాడు బీకా బీకానేరుని నిలబెట్టాడని అర్థం. అందుకే అక్కడ గాలిపటాల పండగ సంక్రాంతికి కాదు, మండుటెండలో ఆఖాతీజ్‌కి, అంటే మన అక్షయ తృతీయకి. రెండు రోజులూ ఊరు ఊరంతా మిద్దెల మీదే. "బోయ్ కాట్యా!" అని ఒక మిద్దె మీద కేక లేస్తే పది మిద్దెలు అందుకునేవి. ఇంటింటా ఖీచ్‌డా వండుతారు, మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు. దానితో పాటు ఇమ్లానీ, అంటే చింతపండు నీళ్ళలో బెల్లమో చక్కెరో కలిపిన పానకం. మొదటి ఏడాది పక్కింటి పెద్దావిడ మాసా పెద్ద లోటాతో ఇమ్లానీ పంపితే అమ్మ ఒక గుక్క తాగి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఊరు వదిలినప్పట్నుంచీ ఆమెకి ఆ పులుపే దొరకలేదు.

జూనాగఢ్ కోటకి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు. చుట్టాలెవరొచ్చినా, ఎవరూ రాకపోయినా వెళ్ళేవాళ్ళం. రాజపుత్రుల కోటలంటే కొండ మీదే కదా. ఇది చదును నేల మీద కట్టింది, చుట్టూ కందకం. రాజా రాయ్ సింగ్ 1589లో మొదలుపెట్టి 1594కి పూర్తి చేయించాడు. ఈయన తండ్రి కల్యాణమల్‌తో కలిసి 1570లో నాగౌర్‌లో అక్బర్‌ని కలిశాడు. అప్పట్నుంచి బీకానేరు రాజులు మొగలుల మన్సబ్‌దార్లు. రాజ్యం వాళ్ళదే, కానీ పాదుషా ఎక్కడికి పొమ్మంటే అక్కడికి సైన్యంతో పోవాలి. గుజరాత్ అయినా, కాబూల్ అయినా, దక్కన్ అయినా సరే.

కోట లోపల అనూప్ మహల్ అంటే నాకు ప్రాణం. ఎర్రటి లక్క మీద బంగారు పూలు, అద్దాలు, గోడకీ పైకప్పుకీ తేడా తెలియనంత పని. ఎదురింటి చాచా పూర్వీకుల చేతులే అవి అని తెలిశాక ఆ గోడల్ని చూసే తీరే మారిపోయింది. బాదల్ మహల్‌లో గోడల నిండా నీలి మబ్బులు, వంకర మెరుపులు, కింద వాన చారలు. వాన ఎరగని పిల్లలకి వాన ఇట్లా ఉంటుందని చూపించడానికే వేశారని గైడు చెప్పేవాడు. దౌలత్ పోల్ అనే గుమ్మం దగ్గర గోడ మీద సహగమనానికి పోయిన సతుల చేతి ముద్రలు ఉంటాయి, సింధూరం పూసి. వాటిలో కొన్ని ఎంత చిన్నవంటే, ఒకసారి నా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాను, పెద్ద తేడా లేదు. అమ్మ నా చెయ్యి లాగేసి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఎన్ని వీరగాథలు విన్నా నాకు ఆ గోడ గుర్తొస్తుంది. ఆ చేతుల పేర్లు ఏ దోహాలోనూ వినలేదు.

ఆ కోటలోనే తేంతీస్ కరోడ్ దేవతల గుడి ఉంది. ముప్ఫైమూడు కోట్ల దేవతల గుడి. మేం వెళ్ళినప్పుడల్లా మూసే ఉండేది, ఒక్కసారి మాత్రం తెరిచి ఉంది. లోపల వరసలు వరసలుగా కంచు విగ్రహాలు. అమ్మ దణ్ణం పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఆగిపోయింది. "ఈ సాములు మన తట్టు వాళ్ళు మాదిరి ఉండారే" అనింది. నడుము తీరు, కిరీటం తీరు, అన్నీ మన గుళ్ళలో ఉత్సవ విగ్రహాల్లాగే. నాయన పూజారిని అడిగాడు. మహారాజా అనూప్ సింగ్ దక్కన్ యుద్ధాలకి పోయినప్పుడు అక్కణ్ణుంచి తెచ్చి పెట్టాడని చెప్పాడాయన. దక్కన్‌లో ఏ ఊరి నుంచో, ఏ గుడివో పూజారికి తెలీదు. అమ్మ అక్కణ్ణుంచి కదలనంటే కదలనంది. మన సాములు ఇంత దూరం వచ్చి తాళం వెనక ఉన్నారని ఆమె బాధ.

అసలు సంగతి తెలిసింది మాత్రం దేవీకుండ్‌లో. ఊరికి తూర్పున, సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక చెరువు, దాని పక్కన బీకానేరు రాజుల ఛత్రీలు. చనిపోయిన రాజుల గుర్తుకి కట్టిన రాతి గొడుగుల్లాంటి మంటపాలు. ఒక ఆదివారం సద్దులు కట్టుకుని పోయాం. నెమళ్ళు తప్ప ఎవరూ లేరు. కాపలా ముసలాయన, అందరూ బాసా అని పిలిచేవాళ్ళు, ఎర్ర తలపాగా, చెవులకి బంగారు పోగులు, మాకు కుండలోంచి నీళ్ళు పోసి ఎక్కడివాళ్ళని అడిగాడు. బీకానేరులో ఆ ప్రశ్నకి మేం "మద్రాస్ వైపు" అనేవాళ్ళం, ఆదోని అంటే ఎవరికీ తెలీదు కాబట్టి. ఆ రోజు ఎందుకో నాయన "ఆదోని" అన్నాడు.

బాసా లోటా కింద పెట్టాడు. "ఆదూణీ?" అన్నాడు. నాయన అవునన్నాడు. ముసలాయన నాయన చెయ్యి పట్టుకుని చకచకా ఒక ఛత్రీ దగ్గరికి తీసుకుపోయాడు. తెల్లటి రాయి మీద గుర్రం ఎక్కిన రాజు, ఎదురుగా చేతులు జోడించిన రాణులు. "మ్హారా అనూప్ సింగ్‌జీ ఉఠై ధామ్ పధార్యా" అన్నాడు. మా అనూప్ సింగ్ గారు అక్కడే స్వర్గస్థులయ్యారు అని.

నాయన అంతసేపు మాట లేకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక రోజూ అదే ధ్యాస. అంతవరకూ మా ఊరికీ ఈ ఊరికీ సంబంధం నాయన ట్రాన్స్‌ఫర్ ఆర్డరే అనుకున్నాం. తీరా చూస్తే మూడు వందల ఏళ్ళ కిందట ఇక్కడి రాజు మా ఊరికి ట్రాన్స్‌ఫర్ మీద పోయి అక్కడే కన్నుమూశాడు. ఆదివారాలు లాల్‌గఢ్ ప్యాలెస్‌లో ఉన్న అనూప్ సంస్కృత లైబ్రరీకి పోయి కూచునేవాడు నాయన. ఎర్ర గుడ్డ మూటలు, లోపల చేతిరాత పుస్తకాలు. ఆ సంపద చాలావరకు అనూప్ సింగ్ కూడబెట్టిందే. దక్షిణాది యుద్ధాల్లో మొగలు సైన్యం వస్తోందంటే పండితులు పుస్తకాలు శత్రువుల చేతిలో పడకూడదని ఏట్లో కలిపేసేవాళ్ళనీ, ఈయన డబ్బిచ్చి కొని బీకానేరుకి పంపేవాడనీ అక్కడ చెప్పుకుంటారు. భావభట్టు అనే సంగీత విద్వాంసుడు ఆయన కొలువులో ఉండి రాజు పేరు కలిపి సంస్కృతంలో సంగీత గ్రంథాలు రాశాడు. నాయన పేజీలు తాకి వచ్చిన చేతులకి వేపాకు, పాత కాగితం వాసన ఉండేది. ట్రంకులో వాసన అందుకేనేమో అంత తొందరగా పట్టేసింది నన్ను.

మా స్కూలు అట్లాస్‌లో ఇండియా పటం మీద నాయన ఎర్ర ఇంకుతో చుక్కలు పెట్టాడు. రాజపుత్ర రాజులు చనిపోయిన ఊళ్ళు అవి. రాయ్ సింగ్ 1612లో బుర్హాన్‌పూర్. అంబర్ రాజు మాన్ సింగ్ 1614లో ఎలిచ్‌పూర్. మీర్జా రాజా జయ్ సింగ్ 1667లో మళ్ళీ బుర్హాన్‌పూర్. అనూప్ సింగ్ తండ్రి కరణ్ సింగ్ 1669లో ఔరంగాబాద్, ఆయన పేరుతో అక్కడ కరణ్‌పురా ఇప్పటికీ ఉంది. జోధ్‌పూర్ జస్వంత్ సింగ్ 1678లో ఖైబర్ కనుమ మొదట్లో జమ్రూద్. అనూప్ సింగ్ 1698లో ఆదోని. ఒక్కరైనా సొంత ఊళ్ళో పోలేదు. "వీళ్ళ కోటలు ఇక్కడుంటే వీళ్ళ బతుకులన్నీ దారుల్లోనే గడిచినాయి" అనేవాడు నాయన.

మా ఇంట్లో మాకు తట్టుకోలేని విషయం ఇంకోటి ఉంది. అనూప్ సింగ్ వచ్చింది మన మీదకే. 1686లో బిజాపూర్, 1687లో గోల్కొండ, ఆ రెండు ముట్టడుల్లోనూ ఔరంగజేబు వైపు ఉన్నాడు. ఎనిమిది నెలలు నిలబడిన గోల్కొండకి లోపలివాళ్ళే తలుపు తీశారు. తానీషాని పట్టుకుపోయారు. మరుసటేడు ఆదోని కోటని ఏలుతున్న సిద్దీ మసూద్ ఖాన్ లొంగిపోయాడు, కోటకి ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చారు, తర్వాత దాని బాధ్యత అనూప్ సింగ్‌కి వచ్చింది. పాటా మీద ఆయన్ని పొగుడుతుంటే విని వచ్చిన రాత్రి నాయన ఎటూ తేల్చుకోలేక తిరుగుతూ ఉండేవాడు. "మన పుస్తకాలు కాపాడినాడు, మన రాజ్యం కూలగొట్టినాడు, ఇద్దరూ ఒకే మనిషి" అన్నాడొకసారి. నేనూ ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆయన్ని మెచ్చుకోబోతే గోల్కొండ అడ్డం వస్తుంది, తిట్టబోతే ఆ ఎర్ర గుడ్డ మూటలు గుర్తొస్తాయి.

పాటా మీద విన్న వాటిలో నాయన ఎక్కువసార్లు చెప్పింది ఫోగ్ కథ. ఫోగ్ బీకానేరు ఇసుకలో పెరిగే పొద, దాని మొగ్గలు పెరుగులో వేసి రైతా చేస్తారు. రాయ్ సింగ్ దక్కన్‌లో ఉండగా ఒకచోట ఆ పొద కనిపించిందట. అంతటి సేనాపతి గుర్రం దిగి దాన్ని కౌగిలించుకుని ఇట్లా అన్నాడట:

తూ సై దేశీ రూంఖడా, మ్హే పరదేశీ లోగ్
మ్హానే అక్బర్ తేడియా, తూ క్యూం ఆయో ఫోగ్

నువ్వు మా దేశపు చెట్టువి, మేమిక్కడ పరాయివాళ్ళం, మమ్మల్నంటే అక్బర్ పిలిపించాడు, నువ్వెందుకొచ్చావు ఫోగ్?

ఇది విన్న తర్వాత వచ్చిన దసరాకి అమ్మ వీధి చివరి ఖేజ్డీ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, చెట్టు మానుకి చెయ్యి ఆనించి, "మమ్మల్నంటే సర్కారోళ్ళు తోలినారు, నువ్వెందుకొచ్చినావమ్మా" అనింది. నాయన అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడ రాజపుత్రులు కూడా దసరాకి ఆ చెట్టుకి పూజ చేస్తారు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అమ్మతో పాటు నిలబడి తమ పాట ఏదో పాడారు.

రిటైరయ్యాక నాయన ఆదోనిలోనే స్థిరపడ్డాడు. మోకాళ్ళు సహకరించినన్ని రోజులు కోట కొండ ఎక్కేవాడు. అనూప్ సింగ్‌కి సంబంధించి ఒక రాయి, ఒక అక్షరం, ఏదైనా దొరుకుతుందేమోనని. ఊళ్ళో పెద్దవాళ్ళనడిగాడు, పత్తి వ్యాపారం చేసే మార్వాడీ శేఠ్‌లనడిగాడు. సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు దగ్గర గంటలు గంటలు నిలబడేవాడు, ఆ రాజు దీన్ని చూసే ఉంటాడు కదా అని. ఆయనకి ఏమీ దొరకలేదు. పత్తి మిల్లుల దుమ్ము సాయంత్రం ఎండలో కొండ మీద నుంచి చూస్తే ఎర్రగా తేలుతూ ఉంటుంది. "అచ్చం ఆంధీ మాదిరే" అనేవాడు. ఆయన పోయిన రోజు ఆ కొండ కనపడే గదిలోనే మంచం.

సంవత్సరీకం అయిపోయిన నాలుగో రోజు అమ్మ కుప్పీ చేతిలో పట్టుకుని, "ఒకసారి పోయొద్దాం" అనింది. దసరా సెలవులకి తీసుకుపోయాను. ఇప్పుడు పెద్ద లైను, ఏసీ బోగీ, ఇసుక లోపలికి రాదు. మేమున్న ఇల్లు లేదు, అక్కడ మూడంతస్తుల బిల్డింగు. చాచా లేడు. పాటా ఉంది, దాని మీద ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ. వీధి చివర ఖేజ్డీ ఉంది, మొదలు చుట్టూ సిమెంటు. అమ్మ చెప్పులు విడిచి మూడుసార్లు తిరిగింది, ఈసారి నా భుజం పట్టుకుని. కొన్ని ఆకులు కోసి కొంగులో కట్టుకుంది.

దేవీకుండ్‌లో నెమళ్ళు అట్లాగే ఉన్నాయి. అనూప్ సింగ్ ఛత్రీ నేను మర్చిపోయాను, అమ్మే గుర్తుపట్టి నడిచింది. రాయి ముందు కూచుని, కొంగు ముడి విప్పి, దసరాకి పెద్దవాళ్ళ చేతిలో పెడతామే, అట్లా జమ్మి ఆకులు రాజు గుర్రం పాదాల దగ్గర పెట్టింది. రాణుల ముందు ఒక్కొక్కరికీ విడివిడిగా పెట్టింది. మిగిలినవి మళ్ళీ ముడేసుకుంది, అవి నాయన ఫోటోకట.

కొత్త కాపలా కుర్రాడు చాలాసేపట్నుంచి మమ్మల్నే చూస్తున్నాడు. దగ్గరికొచ్చి, "మాజీ, ఆప్ కహాఁ సే?" అని అడిగాడు. నేను హైదరాబాద్ అని చెప్పబోయాను.

"ఆదూణీ" అనింది అమ్మ.